కాశిలో విడిచిన ఈల

హేమంతర్తువు ప్రవేశించి ఆంధ్రదేశమునందలి జనులెల్లరు కంబళ్లలో ముడుచుకొని కాఫీలోటాల యావిరిలో ముఖములు కాచుకొనుచు సూర్యోదయమునకై వాకిళ్లవంక చూచుచున్న దినములలో, తూర్పుసముద్రమున కావలిదెస నందమానుదీవుల నడుమ నొదిగియున్న శంఖద్వీపమున మాత్రము వసంతుడు గడువు తీరినను కదలక అత్తవారింటికి వచ్చిన యల్లునివలె పీట వేసికొని కూర్చుండి యుండెను. లోతునీట నింద్రనీలచ్ఛాయయు మెరకనీట మరకతచ్ఛాయయు దాల్చి యుదయమున కొక వన్నెయు మధ్యాహ్నమున కొక వన్నెయు చూపు నా సాగరము ధవళసైకతరమణీయమైన తీరమును విడువలేక విడిచి మరల మరల వచ్చి తాకుచుండెను. తీరారణ్యమునందలి గగనచుంబిమహావృక్షములపై పచ్చపావురములు గుంపులుగా వ్రాలి పండ్ల గుజ్జు తాము భుజించి తొక్కలను దారిన బోవువారి నెత్తిన విడుచుచుండెను. ఆ దీవి గట్టున కాలు మోపినవాడెవ్వడైనను తాను వచ్చిన పని యేమో చెప్పజాలక వెఱ్ఱినవ్వు నవ్వుచు కొంతతడవు నిలుచుండిపోవుట యచ్చటి వాడుక.

అట్టి దీవికి మార్గశిర బహుళ చతుర్దశినాటి యపరాహ్ణమున విశాఖపట్టణపు కుటుంబమొకటి యోడ దిగి తగినంతసేపు వెఱ్ఱినవ్వు నవ్వి పిమ్మట గురమ్మ యను నామె నడుపుచున్న బసకు చేరెను. ఆ కుటుంబమునకు పెద్ద భానోజీరావు. అతని యర్ధాంగి అప్పలనరసమ్మ. వారి కూతురు హైమవతియు నామె భర్త శశిభూషణుడును ఈ విహారమునకు సూత్రధారులు. వెదురుదడులు తాటాకుకప్పులు గల యా బస సముద్రమున కెంత చేరువ నుండెననగా వసారాలో కూర్చున్నవానికి కెరటముల మాట వినబడునుగాని పక్కవాని మాట వినబడదు.

ఇచ్చట భానోజీరావు పూర్వచరిత్రమును కొంత చెప్పక తప్పదు. ఆయన వాల్తేరున రైలుబండ్ల రాకపోకలను నియంత్రించు నుద్యోగమున మీసములు నెరసి పింఛను పుచ్చుకొన్నవాడు. రేవులోనికి సరకుబండ్లను పంపువాడగుటచే నోడలు పోటునీటితో లోనికి వచ్చు వేళలును ఆటునీటితో ఆగిపోవు వేళలును ఏ తిథినాడు ఎట్లుండునో ఆయనకు కంఠోపాఠము. బండ్లను నడుపు విద్య కార్యాలయముతో ముగిసిన బాగుగనే యుండెడిది. కాని యాయన యా విద్యను ఇంటికి గూడ తెచ్చెను. తిరుపతికి పోయినను తీర్థమునకు పోయినను ఎవ్వరెచ్చట కూర్చుండవలయునో ఎవ్వరెప్పుడు నీరు త్రాగవలయునో ముందుగనే నిర్ణయించి మెడలో నొక యిత్తడి యీల వ్రేలాడదీసికొని కుటుంబమును గూడ్సుబండివలె లాగుకొనిపోవుచుండెను. ఊటీలో కూతురు గులాబిపువ్వును ముక్కునొద్దకు తెచ్చుకొనగనే ఈల. సింహాచలమున భార్య కన్నులు మూసి చేతులు జోడించగనే ఈల. బొఱ్ఱాగుహలలో నొకమారాయన యూదిన యీలకు తమవారేగాక యెవరో గుంటూరివారు కూడ గుండెలు చేతబట్టుకొని బయటికి పరుగెత్తిరట. ఇన్ని దేశములు తిరిగియు నా యింటివారికి జ్ఞాపకమున్నది ఆయన మణికట్టు గడియారమొక్కటియే.

కాశికి పోయినవారు గంగలో మొలలోతున నిలిచి తమకు ప్రియమైన పండునో కూరనో యాజన్మము విడిచివచ్చుట మనవారి యాచారము. ప్రియమైనదానిని విడువవలెననుట శాస్త్రము. ఎన్నడును నోట బెట్టనిదానిని విడుచుట లోకము. గతసంవత్సరమున నీ దంపతులు కాశికి పోయినప్పుడు, పురోహితుడు సంకల్పము చెప్పి యేమి విడుతురని యడుగగా భానోజీరావు పనసపండని చెప్పబోవుచుండెను. అప్పలనరసమ్మ అడ్డువచ్చినది.

«పండ్లూ కూరలూ అందరూ వదుల్తారండి. మీరు ఆ ఈల వదలండి. ఈలతోపాటు ఆ ప్లాన్లు కూడా వదిలేసి పుణ్యం కట్టుకోండి.»

 భానోజీరావు మెడనుండి యీలను తీసి కన్నుల కద్దుకొని నీట విడిచి, ఇటుపై తనకొఱకుగాని పరులకొఱకుగాని ప్రయాణకాలనిర్ణయము చేయననియు అడిగినను చెప్పననియు నీళ్లు వదలెను. తరువాత అప్పలనరసమ్మ వంతు వచ్చినది. ఆమె నిశ్చింతగా కాకరకాయను విడిచినది. కాకరకాయ పేరు వినినంతనే పుట్టినది మొదలు ముఖము ముడుచుకొను భార్య దానిని గంగకు సమర్పించుట చూచి భానోజీరావు నోరు తెఱచెను గాని తన వ్రతము ప్రారంభమైనదని జ్ఞప్తికి వచ్చి మరల మూసికొనెను.

ఇక శంఖద్వీపమునకు వత్తము. ఆనాటి సాయంకాలము బసవసారాలో మిగిలిన దినములలో నేమేమి చేయవలయునను సభ కూడినది. అధ్యక్షుడు శశిభూషణుడు. ఈతడు హైదరాబాదున కంప్యూటరు కొలువు చేయువాడు, మంచివాడు, ఉత్సాహమునకు ఏడుగుఱ్ఱముల రథమువంటివాడు గాని యా రథమునకు సారథి లేడు. చరవాణిని పట్టుకొని వసారా నలుమూలలను చెట్టుమొదళ్లను తిరిగివచ్చినను సిగ్నలు దొరకకపోవుటచే నతడు తన బుద్ధిబలమునే నమ్ముకొని యిట్లు ప్రకటించెను.

«రేపు టిఫిన్ చేసేసి తీరిగ్గా రాతివంతెనకి వెళదాం అత్తయ్యగారూ. మధ్యాహ్నం మడ అడవుల్లో పడవ. ఎల్లుండి పొద్దున్న అడవిలో నడక, మధ్యాహ్నం గాలాలేసి చేపలు పట్టడం. సాయంత్రం ఎలాగూ సూర్యాస్తమయం ఉంటుంది, రోజూ ఫొటోలు తీసుకోవచ్చు.»

అతడు సూర్యాస్తమయమను మాట ముగించునప్పటికి సూర్యుడస్తమించెను.

«ఇదేంటండీ, ఇంకా టీలైనా తాగలేదు» అని హైమవతి చీకటివంక చూచి తెల్లబోయినది.

ఆ దీవి తూర్పున చాలదూరమున నున్నను అచ్చటి గడియారములు మనదేశపు వేళనే చూపుచుండుటచే నచ్చట సూర్యుడు మనవారు లేవకమున్నే లేచి మనవారు టీనీళ్లు పొయ్యిపై బెట్టకమున్నే వెడలిపోవును. ఈ సంగతి యెఱిగినవాడా సభలో నొక్కడే. ఆయన మూల కుర్చీలో కూర్చుండి మీసములను వ్రేళ్లతో నదిమిపట్టి జీడిపప్పు నములుచుండెను. ఓడ దిగునప్పుడే రేవుగుంజలపై నీటితడి యెంతవఱకున్నదో చూచి, మఱునాడమావాస్య గనుక పొద్దెక్కు వేళకు పోటు నిండుననియు, అపరాహ్ణము చివరకు సముద్రము మిక్కిలి దూరము తీయుననియు మనస్సులో లెక్క కట్టుకొనెను. అలవాటు పడిన మనస్సు కాశికి పోయినంత మాత్రమున మానునా. నోటిని మాత్రము గంగ కప్పగించెను గనుక ఊరకుండెను.

రాతివంతెన యనునది దీవి పడమటికొమ్మున నున్నది. కెరటములు యుగయుగములు కొఱికి కొఱికి తొలిచిన మహాశిలాతోరణమది. పోటున్నప్పుడది సముద్రమధ్యమున నిలిచి మనకు వీపు చూపును. ఆటువేళ నీరు తొలగి దానివఱకు రాతినేల బయటపడి గుంటగుంటకును సజీవమైన పగడపుమోళ్లతో మీనములతో నక్షత్రములవంటి జంతువులతో కన్నులపండువగ నుండును. అప్పలనరసమ్మ యీ దీవికి వచ్చినది దానికొఱకే. ఆమె భీమునిపట్టణమున పుట్టినది. చిన్ననాడు తండ్రి వ్రేలు పట్టుకొని ఆటునీట రాళ్లపై గెంతినది. ఇప్పుడామె మోకాళ్లు రెండును అరిగినవి. వచ్చు మాసమున శస్త్రచికిత్స నిశ్చయింపబడినది. అటుపిమ్మట చదునునేలయే తప్ప ఎగుడుదిగుడు రాళ్లు తలపెట్టరాదని వైద్యుడు ఖండితముగ చెప్పియుండెను. ఈ సంగతి విని «అయితే ఈ కాళ్లతోనే ఒక్కసారి సముద్రం అడుగున నడిచొస్తానే» అని కూతురితో నామె యన్న మాటయే వీరినందఱను ఓడ యెక్కించినది. ఆమె కోరిన సాహసమంతయు నింతే.

మఱునాడమావాస్య. ఇడ్డెనలు రెండేసిమార్లు వడ్డింపించుకొని కాఫీ త్రాగి టోపీలు వెదకికొని యందఱును పడమటికొమ్మునకు బయలుదేరిరి. అడవిదారి కొంత, ఇసుకదారి కొంత. అప్పలనరసమ్మ చేతికఱ్ఱ యూనుకొని యెవ్వరికన్న ముందు నడచినది. తీరా తీరమున కేగి చూతురుగదా, గట్టునానుకొని సముద్రము నిండుగర్భిణివలె నుబ్బి నిలిచియుండెను. రాతివంతెన దూరమున నడినీట నిలిచి తోరణముగుండ తెల్లని నురుగులను చిమ్ముచుండెను. నడచుటకు జానెడు రాయి లేదు. శశిభూషణుడు ఫొటోలో చూచిన చోటిది కాదేమోయని యనుమానించెను. 

«పోన్లే, దూరంనుంచైనా చూశాం కదా» అని అప్పలనరసమ్మ కఱ్ఱతో నిసుకపై గీతలు గీచినది. భానోజీరావు వారికి వీపు త్రిప్పి కొబ్బరిచెట్టును కౌగిలించుకొన్నంత పని చేసెను. ఏల యనిన చెట్టు వెనుక నిలిచిననే గాని మాట గొంతులో నాగదని యాతని భయము.

మధ్యాహ్నము మడయడవులలో పడవవిహారము మిక్కిలి మనోహరముగ జరిగినది. వేళ్లు నీటిపై వంతెనలు కట్టుకొన్న చెట్లక్రింద పచ్చని వెలుతురులో పడవ నిశ్శబ్దముగ జారుచుండగా నొక నీలికంఠపు లకుముకిపిట్ట శశిభూషణుని టోపీపై వ్రాలి యతడు కదలక యుగమొకటి గడపినట్లు కూర్చుండుట చూచి యందఱును కడుపుబ్బ నవ్విరి. అప్పలనరసమ్మయు నవ్వినది. కాని యామె నవ్వులో నొక తునుక లోపించియుండెను. దానిని భర్త యొక్కడే కనిపెట్టెను.

ఆ సాయంకాలము దీపము పెట్టగనే గురమ్మ వసారాలో విస్తళ్లు పఱచి వేడియన్నమును చేపలపులుసును కాకరకాయవేపుడును వడ్డించినది. ఆమెది పుట్టినిల్లు సోంపేట. మాటలో నింకను ఆ యూరి యుప్పుగాలి పోలేదు. రాతివంతెనకు నీరెప్పుడు తీయునని హైమవతి యడుగగా నామె గరిటె పట్టుకొనియే నవ్వినది.

«నానీ దీవికొచ్చి ఎనిమిదేళ్లయిందమ్మా. ఆ రాయి ఎలాగుంటాదో సూడనేదు. పొయ్యికాడే తెల్లారిపోతాది నాకు. మా ఇంటాయనికి తెలుసు గాని ఆయన సరుకులకని పోర్టుబ్లెయిరెల్లాడు, వారందాకా రాడు. కాకరకాయేసుకోండమ్మా.»

«నాకొద్దమ్మా, కాశీలో వదిలేశాను» అని అప్పలనరసమ్మ కొంత గర్వముతోనే విస్తరిపై చేయి యడ్డము పెట్టినది.

«నువ్వెప్పుడు తిన్నావని అమ్మా, వదలడానికి» అని హైమవతి నవ్వినది.

ఆ మాట నవ్వులాటకు పుట్టినదే గాని అప్పలనరసమ్మ చేయి విస్తరిపై నట్లే నిలిచిపోయినది. ఎదుట భర్త తలవంచుకొని వేపుడు కలుపుకొని తినుచుండెను. మెడలో నీల లేదు. యాత్రకు వచ్చినది మొదలు ఆయన యెవ్వరిని తొందరపెట్టలేదు, ఎవ్వరిని కోప్పడలేదు, ఎవ్వరికి నేమియు చెప్పలేదు. సంవత్సరకాలమునుండి యింట నెంత సుఖముగ నున్నదని తాను చుట్టుపక్కల చెప్పుకొనుచుండెనో యంత సుఖమును ఆయన యొక్కడు మోయుచున్నాడని యామె కప్పుడు తోచినది. తోచగనే సిగ్గు వేసినది.

«ఏవండీ, ఆ నీళ్లెప్పుడు తీస్తాయో మీకు తెలుసు కదూ.»

«గంగలో వదిలేశాను నరసా. అడక్కు.»

«ఒక్క మాటే కదా.»

«ఒక్క మాటతో ఆగేవాణ్ణయితే నాకు కాశీ ఎందుకే.»

ఈ యుత్తరము న్యాయమైనదని యెల్లరును ఒప్పుకొనవలసినదే. శశిభూషణుడు సయితము ఒప్పుకొని, విశ్వేశ్వరుని సన్నిధిని చేసిన ప్రమాణము దీవిలో చెల్లదేమోయని మొదలుపెట్టి అత్తగారి చూపు తగిలి విరమించెను. అప్పలనరసమ్మ చేయి కడిగికొని కుర్చీని భర్త కెదురుగ లాగుకొని దీపము నాయన ముఖమునకు దగ్గరగ జరిపినది.

«మీరు చెప్పొద్దు. మీ మొక్కు మీదే. నేను వదిలింది కాకరకాయ ఒక్కటే కాబట్టి ప్లాను వెయ్యడానికి నాకే అడ్డూ లేదు. నేనే వేస్తాను. మీరలా కూర్చోండి చాలు.»

ముప్పదియైదేండ్లు ఒకే కప్పుక్రింద కాపురము చేసిన యిల్లాలికి భర్త ముఖము చదువుట కక్షరములు అక్కఱలేదు. బండి యాలస్యమైన దినమున భానోజీరావు మీసములు పందికొక్కు వెండ్రుకలవలె నిక్కుననియు, బండ్లన్నియు వేళకు చేరిన దినమున నవి మెత్తగ వ్రాలుననియు నామె కొత్తకాపురమునాటినుండి యెఱుగును. ఆయన నోరు కాశిలో వ్రతము పట్టినది గాని మీసములు పట్టలేదు.

«రేపు తెల్లవారకుండా లేచి వెళదాం» అని యామె గాలితో చెప్పినట్లు చెప్పినది.

ఎడమమీసము వ్రాలెను. కుడిమీసము నిక్కెను.

«నీళ్లుండవు గాని వెలుతురూ ఉండదు, అంతేనా. సరే. టిఫిన్లయ్యాక వెళదాం.» రెండు మీసములును ముక్కునంటునట్లు నిక్కెను. శశిభూషణుడు తల వంచుకొనెను. «భోంచేసి, ఒక కునుకు తీసి వెళదాం.» మీసములు వ్రాలబోయి, కునుకను మాట విని మరల లేచెను. «అయితే పెందరాళే భోంచేసి కునుకు లేకుండానే బయల్దేరదాం. సూర్యుడిక్కడ తొందరపడతాడు కాబట్టి టీలు ఫ్లాస్కులో పోసుకుందాం.»

మీసములు రెండును నెమ్మదిగ వ్రాలి పెదవిపై విశ్రమించెను.

«సిగ్నల్ పడింది» అని అప్పలనరసమ్మ లేచినది. «హైమా, నువ్వు నీళ్లసీసాలు చూసుకో. అల్లుడుగారూ, తడిస్తే జారని చెప్పులేసుకోండి. గురమ్మా, రేపు మధ్యాహ్నం పొయ్యి ఆర్పెయ్యి. నువ్వూ వస్తున్నావు.»

«నేనేం చెప్పలేదు» అని భానోజీరావు విశ్వేశ్వరునికి వినబడునట్లు పలికెను.

«మీరేం చెప్పలేదు. మజ్జిగన్నం తినండి.»

మీసముల కదలిక వాక్కగునా కాదా, భార్య దానిని చదివిన భర్తకు వ్రతభంగమగునా కాదా యను ప్రశ్నకు ధర్మశాస్త్రములలో నెచ్చటను సమాధానము కానరాదు. ఋషులు గడ్డములు పెంచుటచే నీ చిక్కు వారికి తటస్థించి యుండదు.

మఱునాడు గాలములు మూలబడినవి. అడవినడక యుదయమున క్లుప్తముగ ముగిసినది. సూర్యుడు నడినెత్తిని దాటగనే భోజనములు కానిచ్చి అప్పలనరసమ్మ నాయకత్వమున నా సేన పడమటికొమ్మునకు నడచినది. గురమ్మ కొత్తకోక కట్టి పూలు తుఱుముకొని పెండ్లికి వచ్చినట్లు వచ్చినది. భానోజీరావు అందఱికిని వెనుక నడచుచుండెను. దారిమలుపు తిరుగువఱకు నాయన యొక్క యడుగైన నిలుకడగ వేయలేకపోయెను. లెక్క తప్పిన నేమి గతి యను భయము గల లెక్కగాడు, ఆ లెక్క తనదని చెప్పుకొనుటకైన వీలులేనివాడు, ఎట్లు నడుచునో యట్లే నడచెను. మఱునాటి యుదయమున వారి యోడ వెడలిపోవును. ఇంకొక యాటునీరు వారికి లేదు.

మలుపు తిరిగిరి. సముద్రము లేదు.

అనగా నున్నది గాని దూరమున నెచ్చటనో తెల్లని నూలుపోగువలె నున్నది. నిన్న నీరు నిండియున్న చోటెల్ల నల్లని రాతినేల తడితడిగ మెఱయుచు, లెక్కకందని నీటిగుంటలలో నాకాశము ముక్కలుముక్కలుగా పరుండి, దాని యంచున శిలాతోరణము వాకిలి తెఱచినట్లు నిలిచియుండెను. అప్పలనరసమ్మ కఱ్ఱ నిసుకలో గ్రుచ్చి నిలువబడి చీరకుచ్చెళ్లెగదోపి భర్తకు చేయి చాచినది. ఇరువురును ఒకరి నొకరు పట్టుకొని దిగిరి. ఆమె మోకాళ్లు నొచ్చెను. నొచ్చుచున్నవని పైకే చెప్పుచు, నవ్వుచు, కన్నులనుండి నీరు కారుచుండ తుడుచుకొనక నడచినది. ప్రతి గుంటయొద్దను వంగి చూచినది. ఊదావన్నెపగడములును పసుపుపచ్చచారల చేపపిల్లలును నీలవర్ణపు నక్షత్రజంతువులును సొరకాయంత సముద్రదోసకాయలును చూచి, చిన్ననాడు తండ్రి చెప్పిన పేర్లు జ్ఞాపకము తెచ్చుకొని పిలిచినది. శశిభూషణుని కాలివ్రేళ్ల నడుమనుండి యొక యష్టపాది పారిపోగా నతడు పెట్టిన కేకకు గురమ్మ కొత్తకోక తడియుటగూడ మఱచి నీటిలో కూలబడి నవ్వినది.

«ఎనిమిదేళ్లు గోడవతల ఇంత తిరునాళ్లెట్టుకుని నాను పప్పు రుబ్బుతున్నానమ్మా» అని యామె తోరణముక్రింద నిలిచి పైకి చూచినది.

ఇట్లందఱును ఎవరికి వారై మైమఱచి యుండగా పొద్దు వాలజొచ్చెను. దూరమునందలి తెల్లనిపోగు కొంత దగ్గరయైనది. ఇదివఱకు కదలక నిలిచిన గుంటల నీరు సన్నగ వణకనారంభించెను. ఏ యాత్రయందైనను ఈ క్షణమున నీల మ్రోగవలసినది. మ్రోగించువాడు మ్రోగింపడు. అప్పలనరసమ్మ నీటిని చూచినది, సూర్యుని చూచినది; పిమ్మట కుడిచేతివ్రేళ్లు రెండు మడిచి నోట బెట్టుకొని యొక యీల వేసినది. ఆ యీల రాతితోరణమును చీల్చుకొని పోయి యడవిలోని పావురములను లేపినది. భీమునిపట్టణపు ఇసుకతిన్నెలపై నేర్చిన విద్య, అత్తవారింట నడుగిడిన దినమున దాచిపెట్టినది, కట్టుకొన్నవాడైన నెఱుగడు.

హైమవతి వచ్చినది. శశిభూషణుడు వచ్చెను. గురమ్మ కోక పిండుకొనుచు వచ్చినది. భానోజీరావు మాత్రము రాలేదు. ఆయన దూరమున నొక చిన్నగుంటయొద్ద గొంతుకూర్చుండి మోకాళ్లపై గడ్డమానించి నీటిలోనికి చూచుచుండెను. మణికట్టున గడియారమున్నది గాని యది నీటిలో మునిగియున్నది, ఆయన గమనింపలేదు.

«నీళ్లొచ్చేస్తున్నాయండీ. రండి ఇంక.»

«ఒక్క నిమిషం నరసా. ఈ పీత పాత శంఖం వదిలేసి కొత్త శంఖంలోకి మారుతోంది. ఇదొక్కటీ చూసి వస్తాను.»

జన్మమంతయు ఇతరుల నిమిషములను కోసిన యా మహానుభావుడు తనకొక నిమిషము బిచ్చమడుగుట విని హైమవతి నోట చెంగు క్రుక్కుకొనినది. అప్పలనరసమ్మ మరల ఈల వేయలేదు. కఱ్ఱ లేకయే నాలుగడుగులు వెనుకకు నడచి భర్తపక్కను వంగి పీత గృహప్రవేశము ముగియువఱకు తానును చూచినది. పిమ్మట ఆయన రెక్క పట్టుకొని లేపినది.

«ఆ ఈల ఎవరేసిందే» అని యాయన పొడినేలకు చేరినపిమ్మట గాని యడుగలేదు.

«నేనే.»

భానోజీరావు భార్యను క్రొత్తగ చూచినట్లు చూచెను. ఆమె చూపు తప్పించుకొని, వెంట వచ్చిన కెరటమునుండి దోసెడు నీళ్లు పట్టినది. సర్వనదులును చేరునది సముద్రమే గనుక గంగ యిందులోను ఉన్నదని యామె యభిప్రాయము.

«కాకరకాయ వదలడం ఒక వదలడం కాదండి. మీచేత ప్రాణమంటిది వదిలించి నేను కాకరకాయతో తప్పించుకున్నాను. ఇవాళ నిజంగా ఇష్టమైంది వదుల్తున్నాను. ఇవాళ్టినుంచి మిమ్మల్ని సాధించడం...»

ఆ మాట ముగియకమున్నే భానోజీరావు రెండుచేతులతో నామె మణికట్టులను పట్టుకొనెను. దోసిలి విచ్చి నీరంతయు నిసుకపాలయ్యెను.

«వద్దు నరసా» అని యాయన మెల్లగ పలికెను. «అది వదలకు. నాకు కాకరకాయ చాలు.»

అంతలో సూర్యుడు దీవి యలవాటు ప్రకారము తొందరపడి యస్తమించెను. సముద్రము వచ్చి నీటిగుంటలను ఒక్కొక్కటిగ తనలో కలుపుకొని శిలాతోరణమును మరల నడినీట నిలిపినది. కొత్త శంఖములోని పీత యెచ్చటి కేగెనో యెవ్వరెఱుగుదురు. ప్రియమైనది విడిచినవానికి పుణ్యము వచ్చునో రాదో శాస్త్రజ్ఞులు చెప్పవలయును. మనము చూచినది మాత్రమిది. ఆ చీకటిదారిని అప్పలనరసమ్మ ముందు నడచుచు ఎవ్వరు దీపము పట్టవలయునో ఎవ్వరు ఫ్లాస్కు మోయవలయునో మఱునాడోడకు ఎన్నిగంటలకు లేవవలయునో గట్టిగ చెప్పుచుండెను. అందఱికిని వెనుక, తడిసి ఆగిపోయిన గడియారముతో, మోయుటకేమియు లేని చేతులు రెండును ఊపుకొనుచు భానోజీరావు నడచుచుండెను. ఆయన నడుమనడుమ రెండువ్రేళ్లు నోట బెట్టుకొని యీల వేయ ప్రయత్నించెను గాని వట్టిగాలియే వచ్చుచుండెను.